కాలవ క్వార్టర్ల మీద ఎర్ర సున్నా

ఆ రోజుల్లో అంటే మరీ తాతల నాటి ముచ్చటేమీ కాదు. ఫోన్లకు కెమెరాలు వచ్చాయి గానీ చీకట్లో వాటికి చూపు ఆనేది కాదు. రాష్ట్రం అప్పుడప్పుడే రెండయింది. రాజధాని ఎక్కడొస్తుందో తెలియక పల్నాడులో ప్రతి బీడు భూమీ మెడ చాచి రోడ్డు వైపు చూస్తోంది. నా ఈడు వాళ్ళలో కొందరికి క్రికెట్ పిచ్చి, కొందరికి సినిమా పిచ్చి, నాకేమో పాడుబడ్డ కొంపల పిచ్చి. మూతపడ్డ పత్తి మిల్లు, తెర చిరిగిన సినిమా హాలు, పైకప్పు ఎగిరిపోయిన గోదాము, ఏదైనా సరే, కనిపిస్తే లోపలికి దూరి నాలుగు మూలలూ చూసి వస్తేగానీ నాకు అన్నం సయించేది కాదు. కొంపలు మునిగినట్టు పరుగెత్తడం అంటారు కదా, నేను మునిగిన కొంపల వెంటే పరుగెత్తేవాణ్ణి. "శుభ్రమైన కొంపలో కూర్చోబెట్టి తిండి పెడతంటే వీడికి గబ్బిలాల కొంపలు కావాల్సొచ్చినయ్యి. ఏం బుద్ధిరా నాయనా నీది?" అని మా అమ్మ వారానికోసారి, ఖచ్చితంగా చెప్పాలంటే నా చొక్కా ఉతికినప్పుడల్లా, అడిగేది.

ఇందులో నా బుద్ధికంటే నా ఉద్యోగం పాత్రే ఎక్కువని ఇప్పటికీ నా వాదన. డిప్లొమా చేతికొచ్చాక నరసరావుపేటలో ఇళ్ళ ప్లాన్లు గీసే ఒక మాస్టారి దగ్గర చేరాను. వారమంతా ఇంకా పుట్టని ఇళ్ళకు జాతకాలు రాయడమే పని. వంటగది ఆగ్నేయానికి జరపాలి, మెట్లు నైరుతికి మళ్ళించాలి, "పడమర గుమ్మం వద్దు సార్, మా బావమరిదికి అచ్చిరాలా" అంటే మొత్తం చెరిపి మళ్ళీ గీయాలి. ఇలా పుట్టని ఇళ్ళతో వేగి వేగి, ఆదివారం వచ్చేసరికి చచ్చిన ఇళ్ళను పలకరించాలనిపించేది. వాటికి వాస్తు గొడవ లేదు, బావమరుదులు లేరు.

నాకు తోడు స్పానర్ గాడు. మా వీధి చివర బైకుల షెడ్డు నడిపే చాచా కొడుకు. వాళ్ళ షెడ్డులో చనిపోయిన బళ్ళ అవయవాలన్నీ దానం పట్టి వాడొక బండి తయారు చేసుకున్నాడు. (ట్యాంకు ఒక కంపెనీది, సీటు ఇంకో కంపెనీది, హారన్ మాత్రం ఏదో లారీది. అది మోగితే ముందు మేమే ఉలిక్కిపడేవాళ్ళం.) పాడుబడ్డ భవనాల్లో నేను చరిత్ర వెతికేవాణ్ణి, వాడు బోల్టులు వెతికేవాడు. ఏ రోజైనా వాడికే ఎక్కువ దొరికేవి.

మా పనికి ఒక పద్ధతి ఉండేది. జేబులో టేపు, చెవి మీద పెన్సిలు. ఆఫీసు అలవాటు కదా, ఆదివారం కూడా చెవి ఖాళీగా ఉంటే నాకు తోచేది కాదు. ఒక ఇల్లు చూడటం పూర్తయితే ఎర్ర ఇటుక ముక్కతో గుమ్మం పక్కన సున్నా చుట్టి, మధ్యలో అడ్డంగా ఒక గీత గీసేవాణ్ణి. 'చూశాం, ఎవరూ లేరు' అని దానర్థం. చూసిందే మళ్ళీ చూడకుండా ఉండటానికి నేనే కనిపెట్టిన ఏర్పాటు. దాన్ని తలుచుకుని లోలోపల చాలా గర్వపడేవాణ్ణి కూడా.

ఒక ఎండాకాలం ఆదివారం కారంపూడి దాటి ఇంకొంచెం ముందుకు పోయాం. అక్కడ సాగర్ కాలవ పక్కన, ఒకప్పుడు కాలవ పనివాళ్ళ కోసం కట్టిన క్వార్టర్లు ఒక వరసలో ఉన్నాయి. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. తలుపులూ కిటికీలూ ఎవరికి కావాల్సినవి వాళ్ళు పట్టుకుపోయారు. ఒక దాంట్లో వరిగడ్డి, ఒక దాంట్లో గేదె. అది నెమరువేస్తూ మమ్మల్ని చూసిన చూపు, అపాయింట్‌మెంట్ లేకుండా వచ్చినవాళ్ళను పెద్ద ఆఫీసరు చూసే చూపు. మిట్టమధ్యాహ్నం కావడంతో మనిషి జాడ లేదు. ఒక్కొక్కటీ చూసుకుంటూ, సున్నాలు చుట్టుకుంటూ చివరి దాని దగ్గరకొచ్చాం. కప్పు సగం పెంకు, సగం రేకు. ముందు తలుపుకు తాళం, వెనక తలుపు మాత్రం తోస్తే వచ్చేసింది.

లోపల చూసి నేను మైమరచిపోయాను. అలికిన పొయ్యి, గోడవార రుబ్బురోలు, చిలక్కొయ్యకు ఒక చీర. "చూడరా, ఎంత చక్కగా మిగిలిపోయిందో! నిన్ననే ఖాళీ చేసినట్టుంది" అన్నాను.

స్పానర్ గాడు పొయ్యి దగ్గర వంగి, "ఒరేయ్, బూడిద వెచ్చగా ఉందేందిరా?" అన్నాడు.

"రేకుల కప్పు కదా, ఎండకు వేడెక్కి ఉంటుందిలే" అన్నాను. ఎంత ధీమాగా అన్నానంటే, వాడు కూడా నమ్మేశాడు. బయటికొచ్చి ముందు గోడ మీద మిగతా అన్నిటికంటే పెద్ద సున్నా చుట్టాను. అంత మంచి ఇంటికి చిన్న సున్నా ఏం బాగుంటుంది?

తరవాతి ఆదివారం మళ్ళీ వెళ్ళాం. గడ్డి వేసిన గదిలో ఏదో ఇనప చక్రం చూశానని, అది నిద్రపోనివ్వడం లేదని స్పానర్ గాడి పోరు. కాలవ గట్టు దిగేసరికి క్వార్టర్ల ముందు ఊరంతా ఉంది. మమ్మల్ని చూడగానే జనం లేచి నిలబడ్డారు. టెంటు హౌసు ప్లాస్టిక్ కుర్చీలు మాకోసం తుడిచారు. చేతికి మజ్జిగ గ్లాసులొచ్చాయి.

"ఒరేయ్, మనకీ మర్యాదలేందిరా?" అని స్పానర్ గాడు నా చెవిలో గొణిగాడు.

"మన అభిరుచిని గుర్తించినట్టున్నారు" అన్నాను నేను, మజ్జిగ తాగుతూ.

గుంపులోంచి గుబురు మీసాల పెద్దాయన ముందుకొచ్చాడు. "దాపరికమేం వద్దు సార్. పోయిన ఆదివారం మీరు గుర్తులు పెడతంటే మా గొర్లు కాసే పిల్లగాడు చూశాడు. అప్పటి నుంచి మాకు నిద్దర్లు లేవు, మళ్ళీ వస్తారని కాసుక్కూర్చున్నాం. పేటలో చూశాంగా, రోడ్డు వెడల్పుకని గోడ మీద ఎర్ర గుర్తు పడిందంటే ఆ గోడ ఇంక లేనట్టే. ఈడేం కడతన్నారు? రాజధానా, దానికి రోడ్డా?"

అప్పటికి గానీ నాకు విషయం తలకెక్కలేదు. వెంటనే నిజం చెప్పేశాను. "అయ్యో, ఏమీ కట్టడం లేదండీ. మేం ఊరికే చూడ్డానికొచ్చాం."

"ఊరికేనా?"

"అవునండీ. పాడుబడ్డ ఇళ్ళు చూడటం మాకు సరదా."

పెద్దాయన మీసం కింద నవ్వు కదిలింది. "అర్థమైంది సార్. పైనోళ్ళు బయటికి చెప్పొద్దన్నారు. మీ ఉద్యోగాలకి మేం అడ్డం రాంలే."

"సరదా అంట! పెట్రోలు పోసుకుని, ఇంత ఎండన బడి, పేట నుంచి గబ్బిలాల్ని చూడ్డానికొస్తారంట, చెవి మీద పెన్సిలు పెట్టుకుని!" అన్నారెవరో వెనకనుంచి. చెయ్యి చెవి మీదికి పోనిచ్చాను. పెన్సిలు ఉంది.

స్పానర్ గాడు రంగంలోకి దిగాడు. "అల్లా తోడు పెదనాన్నా, మేం ఎవరం కాదు. మా అబ్బా బైకులు బాగుచేస్తాడు. ఆ బండి చూడు, అది ఆఫీసర్ల బండేనా?"

పెద్దాయన బండిని చుట్టూ తిరిగి చూసి జనం వైపు తిరిగాడు. "నేను చెప్పలా? జీపులో వస్తే తెలిసిపోద్దని మారువేషంలో వచ్చారు!"

ఇక అక్కడి నుంచి అర్జీల వాన. గుర్తు పడ్డవాళ్ళు చెరపమని, పడనివాళ్ళు పెట్టమని. గుర్తు పడిన ఇంటికి బదులు ఇల్లు ఇస్తారని ఎవరు పుట్టించారో గానీ, "సార్, పక్కనోడి గడ్డికి గుర్తు పెట్టి మా గొడ్ల కొట్టం మర్చిపోయారు, చిన్న గీత గియ్యండి" అని ఒకాయన తనే ఇటుక ముక్క తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. జీవితంలో నా గీతకు అంత గిరాకీ ఎప్పుడూ లేదు. మాస్టారు చూసి ఉంటే జీతం పెంచేవారు.

చివరి ఇంటి ముందు మాత్రం గోల లేదు. సామానంతా బయటపెట్టి ఉంది. పెనం, రుబ్బురోలు, ట్రంకు పెట్టె, విప్పి పేర్చిన రేకులు. వాటి మధ్య నడివయసు ఆవిడ నిలబడి ఉంది. ఊళ్ళో అందరూ ఆమెను దోసెల పిన్ని అంటారట. ఆమె భర్త కాలవ లస్కరు, అంటే తూము తలుపులు ఎత్తి నీళ్ళు వదిలే మనిషి. ఆయన పోయాక కూడా ఆమె ఆ క్వార్టరులోనే ఉండి, కూలీలకూ కాలవ రోడ్డు మీద పోయేవాళ్ళకూ దోసెలు పోసుకుని బతుకుతోంది.

"సాయంత్రం దాకా ఆగుతారా సార్?" అంది. "బొల్లాపల్లి నుంచి మా అన్న ట్రాక్టరు పంపుతానన్నాడు. రేకులు ఎట్టాగూ పగలగొడతారుగా, ముందే విప్పుకున్నా."

నా నోట్లో మజ్జిగ పులిసిపోయింది. "పిన్నీ, ఎవరూ కూల్చరు. నువ్వెక్కడికీ పోనక్కర్లేదు."

"పెద్దోళ్ళు, మీరట్టానే ఓదారుస్తారు. ఈడైతే నా దోసె నేను పోసుకుని తింటా. ఆడికి పోతే మా వదిన ఎప్పుడు పెడితే అప్పుడు తినాల." అంతలోనే తేరుకుని, "రండి, కూర్చోండి. ఉన్న పిండి ట్రాక్టరు ఎక్కదుగా" అని పొయ్యి ముట్టించింది.

నిజం చెబితే నమ్మరు, అబద్ధం చెబితే ఆఫీసరునైపోతాను. ఏం చెయ్యాలో తోచక తింటూ కూర్చున్నాను. (తోచనప్పుడు కూడా దోసె బాగుంటుందని ఆ రోజే తెలిసింది. వేరుశనగ చట్నీ మరీనూ.) తినడం అయిపోయింది. లేచి, కంచం తీసుకుని, తొట్టి దగ్గర కూర్చుని బూడిదతో తోమడం మొదలెట్టాను. మా ఇంట్లో ఎవరు తిన్న కంచం వాళ్ళే కడగాలి. అది అమ్మ పెట్టిన చట్టం, దానికి మినహాయింపుల్లేవు. ఆ ధ్యాసలో నేను కంచం వెనక్కి తిప్పి అంచులు రుద్దుతున్నాను. అటు స్పానర్ గాడు నేరుగా వంటగదిలోకి పోయి గిన్నె మూత ఎత్తి, "చట్నీ ఇంకొంచెం ఉందా పిన్నీ?" అంటున్నాడు.

వాకిట్లో జనం అర్జీలు వదిలేసి మా చుట్టూ మూగారు.

"మీసాల మావా! ఇటు రా ఒకసారి" అని అరిచింది పిన్ని. "ఈయన కంచం కడగతన్నాడు!"

పెద్దాయన వచ్చి నా చేతిలో కంచం తీసుకుని ఎండకు పట్టి చూశాడు. "వెనకమాల కూడా తోమాడే!"

"ఆఫీసరు యాడన్నా ఎంగిలి కంచం ముట్టుకుంటాడా? చెయ్యి కడుక్కోడానికే ఒకడు చెంబు పట్టుకోవాల" అంది పిన్ని. ఆ మొహం వెలిగిన తీరు నేను మర్చిపోలేను. "వీళ్ళు ఆఫీసర్లు కాదు మావా. వీళ్ళు ఎవరూ కాదు!"

"ఎవరూ కాదంట!" అని ఆ మాట చేతులు మారుతూ కాలవ గట్టు దాకా పోయింది. నేను ఎవరూ కానని బంధువులు చాలామంది చెప్పారు గానీ, అంత సంతోషంగా చెప్పినవాళ్ళు మాత్రం లేరు. కుర్చీలు మాయమయ్యాయి. ఇటుక ముక్క ఇచ్చినాయన వచ్చి దాన్ని వెనక్కి తీసుకుపోయాడు. 'సార్' కాస్తా "ఒరేయ్ అబ్బాయ్" అయింది. "నిజంగానే పనిలేక వచ్చారంటరా మీరు?" అని పెద్దాయన జాలిగా అడిగాడు. అదే కదా పొద్దుటినుంచీ మేం మొత్తుకుంటున్నది.

నవ్వులు సద్దుమణిగాక పిన్ని నా దగ్గరకొచ్చింది. "మరి ఆ గుర్తేంది అబ్బాయ్?"

"చూశాం, ఎవరూ లేరు అని, పిన్నీ."

ఆమె మొహంలో నవ్వు ఆగిపోయింది. "ఎవరూ లేరా? పొయ్యి అలికి, చీర ఆరేసి, సంతకి పోయొచ్చేసరికి ఎవరూ లేకుండా పోయినానా? మనిషి బతికే ఇల్లని నీ కంటికి యాడా అగపళ్ళేదా?"

ఎన్నో గదులు కొలిచిన టేపు నా జేబులోనే ఉంది. ఆ ప్రశ్నకు మాత్రం అది చాల్లేదు. తల వంచుకుని నిలబడ్డాను. ఆమె ట్రంకు పెట్టె వెనకనుంచి సున్నం డబ్బా తీసి నా ముందు పెట్టింది. "చూస్తా నిలబడితే ఏమొస్తది? పూయండి."

పూశాం. సామాను లోపల పెట్టాం. స్పానర్ గాడు పైకెక్కి రేకులు బిగించాడు. పాడు కొంపల్లో ఏరిన బోల్టులు ఒక ఇంటికి పనికిరావడం అదే మొదటిసారి. పెద్దాయన కింద నిలబడి, "ఆ మూల వదిలేశావు ఇంజనీరూ" అని నన్ను సాయంత్రం దాకా సతాయించాడు. ట్రాక్టరు వచ్చింది. పిన్ని వాళ్ళ అన్నకు కూడా ఒక దోసె పెట్టి, ఉత్త ట్రాక్టరు వెనక్కి పంపింది. తెల్లబడ్డ గోడ ఆరాక ఇంకో ఇటుక ముక్క నా చేతికిచ్చి, "ఈసారి సున్నా చుట్టమాక. దోసెలు అని రాయి, రోడ్డు మీదికి అగపడేట్టు" అంది. నా జీవితంలో అంతకంటే శ్రద్ధగా అక్షరాలు దిద్దలేదు.

ఇప్పుడు నేను ఇంటి అప్పులిచ్చేవాళ్ళ తరఫున ఇళ్ళ విలువ కట్టే పనిలో ఉన్నాను. మెడలో ఫోటో కార్డు వేలాడుతుంటుంది. దాన్ని చూపించినా ఎవరూ నన్ను ఆఫీసరనుకోరు, మజ్జిగ సంగతి సరేసరి. పాత పిచ్చి మాత్రం పోలేదు. వీలైన ఆదివారాల్లో స్పానర్ గాడూ నేనూ ఇంకా తిరుగుతూనే ఉంటాం. వాడిప్పుడు పెద్ద షెడ్డు యజమాని, పొట్ట కూడా అందుకు తగ్గట్టే ఉంది. ఎంత శిథిలమైన ఇల్లయినా నేను ముందు తలుపు కొడతాను. తలుపు లేకపోతే గోడ కొడతాను. "ఎవరండీ లోపల?" అని అడుగుతాను. "పావురాలు లేచొచ్చి గొళ్ళెం తీస్తాయంటరా?" అని వాడు నవ్వుతాడు. నాకూ నవ్వొస్తుంది. చెవి మీద పెన్సిలుతో, ఎవరినీ అడక్కుండా తలుపు తోసుకుపోయి, వెచ్చటి బూడిదను ఎండ మీదికి నెట్టేసిన ఆ కుర్రాడి ధీమా గుర్తొస్తుంది. అంత ధీమా మళ్ళీ నాకెప్పుడూ పట్టుబడలేదు, దాని మీద కొంచెం బెంగ కూడా ఉంది. అయినా జవాబు రాని గుమ్మం ముందు నేను వెంటనే లోపలికి పోను. ఇంకాసేపు నిలబడతాను. సంతకు పోయి ఉంటారేమో.