పాలు పట్టించిన తాడు

మా కుక్కకు పేరుంది కానీ ఇక్కడ చెప్పను. పిలిస్తే రానిదానికి పేరుండీ లేనట్టే. నందివాడ దగ్గర మా బంధువుల చేపల చెరువు గట్టు మీద పుట్టింది. నీటి దగ్గర ఏది కదిలినా తరమడం అక్కడ దాని ఉద్యోగం. బందరులో మా ఇంటికి వచ్చాక కూడా అది రిటైర్ కాలేదు. తరమడానికి ఏమీ దొరక్క గుమ్మం ముందు చెప్పులతో సరిపెట్టుకునేది. కాళ్లకు పని చెబితే నిలకడ వస్తుందేమోనని ఆదివారం నడక బృందానికి తీసుకెళ్లడం మొదలుపెట్టాను. నిలకడ లేనిది దానికా మీకా అని మా ఆవిడ అడిగింది. ఇద్దరికీ ఒకటే మందన్నాను.

బృందంలో ముందు నడిచేది బస్సు డ్రైవరుగా రిటైరైన ఒక పెద్దాయన. అందరికీ మావయ్యే. పాములు తప్పుకోవడానికి కర్రతో నేల తడుతూ వెళ్తారు. దివిసీమ మడ అడవుల వైపు వెళ్లినప్పుడు ఆయన షరతు ఒకటే: కుక్క మధ్యలో నడవాలి, తాడు మనిషి చేతిలో ఉండాలి. "కరకట్ట మీదికి కట్టకుండా తేకు అల్లుడూ" అనేవారు. ఆ పొదల్లో చేపలు పట్టుకు తినే బావురుపిల్లులుంటాయి. పిల్లల తల్లయితే కుక్క ముఖం మీదికే దూకుతుందట. కుక్క నోట పడితే ఆ పిల్లి పిల్లలూ మిగలవు.

ఆ ఆదివారం నాగాయలంక దాటి కారు దిగేసరికి గొలుసు లేదు. బందరులో కిటికీ ఊచకే వేలాడుతూ ఉండిపోయింది. మావయ్య నా ఖాళీ చేతులు చూసి కర్రతో నేలను రెండుసార్లు గట్టిగా తట్టారు. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది.

మాతో నడిచే పిన్నిగారిది పెడన, అద్దకం పని. ఆవిడ టిఫిన్ క్యారేజీకి చుట్టిన గుడ్డ విప్పి ఇచ్చారు. అచ్చు వేసే ముందు కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండేసిన ముతక గుడ్డ. పొడుగ్గా చించి, పేని, తాడు చేశాం. అటొకరు ఇటొకరు లాగి చూశాం. అందరం దాని బలమే చూశాం. రుచి చూసింది కుక్క ఒక్కటే.

ఎప్పుడూ నన్ను ఈడ్చుకెళ్లే కుక్క ఆ రోజు తాడు నాకుతూ నా పక్కనే నడిచింది. బుద్ధొచ్చిందని మురిసిపోయాను. పాయ ఒడ్డున ఇడ్లీలకు ఆగాం. నేను చట్నీ వేసుకుంటున్నాను. అవతల పొదలో బూడిద రంగుది ఏదో కదిలింది. మరుక్షణం నా చేతిలో తడి పేలిక ఒక్కటే ఉంది. మిగతాది కుక్కతో పాటు పాయ దాటి పొదల్లోకి వెళ్లిపోయింది.

లేచి పరుగెత్తబోతే మావయ్య చొక్కా పట్టుకుని కూర్చోబెట్టారు. "నువ్వు వెంటపడితే దానికి ఆట. ఇంకా లోపలికి పోద్ది. కూర్చో."

కూర్చున్నాను. లేచాను. మళ్లీ కూర్చున్నాను. పాయలోకి పోటు నీరు ఎక్కుతోంది. ఆలస్యమైతే అది ఈది రావాలి. లోపల ఒక గుర్రు, వెంటనే ఒక కుయ్యి. ఆ తర్వాత ఏమీ లేదు. ఆ లేకపోవడమే భరించలేకపోయాను.

పిన్నిగారు నా చేతిలోని పేలిక చూసి నాలిక్కరుచుకున్నారు. "పాల గుడ్డ కదూ ఇది. ఆరేస్తే మా వీధి దూడలే నమిలేస్తాయి."

"ముందే చెప్పొచ్చు కదా పిన్నిగారూ."

"తాడు కావాలన్నావు బాబూ. అది తింటుందా అని అడిగావా?"

నాకేమీ పాలుపోలేదు. పాలన్నీ అప్పటికే కుక్క నోట్లోకి పోయాయి.

ఆవిడే ఆ పేలికను తాగే నీళ్లతో తడిపి, గాలి పొదల వైపు వీచే చోట గట్టు మీద పరిచారు. మాట్లాడకుండా ఐదు నిమిషాలుండలేని మా బృందం నోరు మూసుకుని కూర్చుంది. ఇడ్లీలు ఎండిపోయాయి.

చివరికి కుక్క వచ్చింది. పొట్ట దాకా బురద, ముక్కు మీద గోరు గీత, మెడకు తాడు ముక్క. చేతులు చాచాను. నన్ను దాటి తిన్నగా గుడ్డ దగ్గరకు వెళ్లింది. కుక్క మీద పడి మెడ పట్టీ దొరకబుచ్చుకున్నాను.

తాడు మీద నమ్మకం పోయి నా బెల్టు తీసి పట్టీకి బిగించాను. తిరుగుదారంతా ఒక చేత్తో కుక్కను, ఒక చేత్తో ప్యాంటును పట్టుకుని మధ్యలో నడిచాను. మావయ్య వెనక్కి తిరిగి, "రెండిట్లో ఏదీ వదలకు అల్లుడూ" అన్నారు. ఆ పిల్లికి ఏమైందని అడిగాను. తెలీదన్నారు. పొదల వైపు చూస్తూనే నడిచాను.

అవనిగడ్డలో పశువుల డాక్టరు చేత సూది వేయించి కారెక్కించాను. పులిగడ్డ వంతెన మీదికి వచ్చేసరికి అది నా ఒళ్లో నిద్రపోయింది. నిద్రలోనే నాలుకతో బెల్టును వెతికింది. బందరు చేరేదాకా బెల్టు నా పిడికిట్లోనే ఉంది.