కంప్లయింట్ బుక్కు బావ

మా బావకి ఎక్కడికి వెళ్లినా కంప్లయింట్ బుక్కు అడిగి నాలుగు ముక్కలు రాయనిదే అన్నం అరగదు. బ్యాంకులో పెన్నుకి కట్టిన దారం పొట్టిగా ఉందని రాశాడు. ఆసుపత్రిలో రోగుల కన్నా డాక్టరే ఎక్కువ దగ్గుతున్నాడని రాశాడు. తన పెళ్లిలో పెళ్లికొడుకు కుర్చీకి ఒక కాలు పొట్టిగా ఉందని హాలు మేనేజరుకి కాగితం రాసిచ్చి, ఆ తరవాతే పెళ్లి చేసుకున్నాడు. మా అక్క ఆ రోజే మేలుకోవాల్సింది.

ఆయన ముప్ఫై ఏళ్లు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం పోయింది గానీ కాళ్ల వాపు పోలేదు. మెత్తటి స్పోర్ట్స్ బూట్లు తొడుక్కోమని డాక్టరు చెప్పాడు. ఊరి చివర పెద్ద రోడ్డు మీద ఒక స్పోర్ట్స్ బట్టల అవుట్‌లెట్ ఉంది. అక్కడ అన్నీ సగం ధరకే అని ఎవరో ఆయన చెవిలో వేశారు. కారున్న పాపానికి నన్ను సారథిని చేశాడు.

అవుట్‌లెట్ అంటే పాత ధర కొట్టేసి కొత్త ధర రాసే చోటు. ఆ పాత ధర పెట్టి ఎవరైనా ఎప్పుడైనా కొన్నారా అనేది దేవుడికే తెలియాలి. గోడల నిండా చిరుతపులుల్లా పరుగెత్తే మనుషుల బొమ్మలు. వాటి కింద బుట్టలు మోస్తూ నాలుగడుగులకే ఆయాసపడే మాలాంటి క్రీడాకారులు. నచ్చిన రంగులో మన సైజుండదు. మన సైజున్న రంగుని మనిషన్నవాడు తొడగడు. పైగా పాటలు ఎంత గట్టిగా పెడతారంటే, తొమ్మిది సైజు అడిగితే ఆరు తెస్తారు.

మొదటి ఆదివారం బూట్ల విభాగంలో ఒకే అమ్మాయి ఉంది. బావ కోసం నిచ్చెన ఎక్కి దిగి పదకొండు పెట్టెలు తెచ్చింది. ఆయన ఒక్కో జత తొడిగి, టీషర్టుల వరుస చుట్టూ తిరిగొచ్చి, పెదవి విరిచాడు. చివరికి ఒక జత మేజోళ్లు తీసుకుని, "కంప్లయింట్ బుక్కు ఇవ్వమ్మా" అన్నాడు.

ఆ పిల్ల మొహం పాలిపోయింది. "ఏం తప్పు చేశాను అంకుల్?"

"నీకెందుకు తల్లీ, బుక్కు ఇవ్వు."

పేజీ నిండా రాశాడు. నేను తొంగిచూస్తే చేయి అడ్డం పెట్టాడు.

"పదకొండు పెట్టెలు మోయించి, మేజోళ్లు కొని, మళ్లీ కంప్లయింటా?" అన్నాను కారెక్కాక. "ఇంత విశాల హృదయం నేనెక్కడా చూళ్లేదు బావా."

"చూళ్లేదంటే నువ్వు ఇల్లు కదలవు కాబట్టి" అన్నాడు.

అలా ఆరు ఆదివారాలు గడిచాయి. మా ఇంట్లో ఎవరూ పరుగెత్తరు గానీ, మేజోళ్లు మాత్రం ఒక ఫుట్‌బాల్ జట్టుకి సరిపడా చేరాయి. ఆయన్ని దూరం నుంచి చూడగానే సిబ్బంది ట్రయల్ రూముల వైపు జారుకునేవారు. "పుస్తకం సారు వచ్చారు" అని కౌంటర్లో గుసగుసలు. బావ మాత్రం వెతికి వెతికి ఆ అమ్మాయినే పిలిచేవాడు.

"ఇంతమంది ఉండగా ఆ పిల్ల వెంటే పడ్డారేం?" అని ఓసారి గట్టిగానే అడిగాను.

"ఆ అమ్మాయైతేనే రాయడానికి సరుకు దొరుకుతుందిరా" అన్నాడు. చెంప పగలగొట్టాలనిపించింది. అక్క మొగుడైపోయాడు.

ఏడో ఆదివారం బావ ముందు లోపలికి వెళ్లిపోయాక, గేటు దగ్గరే సెక్యూరిటీ అతను నన్ను పక్కకి లాగాడు. "మీ బావగారు రాసిన ఆరు పేజీలూ బూట్ల సెక్షన్ మీదేనట సార్. మేనేజరు చదవకుండానే బుక్కు హెడ్డాఫీసుకి పంపేశాడు. ఇవాళ పెద్దాఫీసరు వచ్చాడు. ఆ అమ్మాయి పని అయిపోయినట్టే. పొద్దుట్నుంచీ ఏడుస్తోంది."

పరుగున లోపలికి వెళ్లేసరికి టై కట్టుకున్న ఆఫీసరు బుక్కు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ అమ్మాయి ఎర్రబడ్డ కళ్లతో గోడకి అతుక్కుపోయింది. బావ మాత్రం బల్ల మీద కూర్చుని తాపీగా లేసులు విప్పుకుంటున్నాడు.

"సార్, మా బావ మాటలు పట్టించుకోకండి" అన్నాను. "ఆయనకిది జబ్బు. ఇంట్లో చారు మీద కూడా రాస్తాడు. ఆ అమ్మాయి బంగారం. ఆమె తప్పేమీ లేదు."

"తప్పుందని ఎవరన్నారు?" అని ఆఫీసరు బుక్కు తెరిచి పైకి చదివాడు.

"'అమ్మాయి రోజంతా నిలబడే ఉండటం వల్ల, కూర్చున్న నేను మెడ ఎత్తి మాట్లాడాల్సి వస్తోంది. మెడ పట్టేసింది. దయచేసి ఆమెకొక స్టూలు వేయగలరు.'"

పేజీ తిప్పాడు. "'మధ్యాహ్నం మూడైనా ఆమెని భోజనానికి పంపలేదు. ఆకలితో ఉన్న మనిషి ఎదుట నాకు ఏ రంగూ నచ్చడం లేదు. మీ వ్యాపారమే దెబ్బతింటోంది.'"

ఇంకోటి తిప్పాడు. "'పరుగు బూట్లు అమ్మే అమ్మాయి కాళ్లకి అరిగిపోయిన చెప్పులున్నాయి. మీ బూట్ల మీద మీకే నమ్మకం లేకపోతే నేనెలా నమ్మేది?'"

మేనేజరు నేల చూపులు చూశాడు. ఆఫీసరుకి నవ్వాగలేదు. "మా వాళ్లు స్టూళ్లు కావాలని రెండేళ్లుగా అడుగుతున్నారండీ. ఫైలు ఎక్కడుందో కూడా తెలీదు. కస్టమరు మెడ పట్టేసిందంటే మాత్రం వారంలో జవాబు చెప్పాలి, అది మా కంపెనీ రూలు. ఆరు స్టూళ్లు బయట దింపుతున్నారు. భోజనాలకి వంతులు ఇవాళ్టి నుంచే."

"మరి బూట్లు?" అన్నాడు బావ.

"చూస్తామండీ."

"చూస్తామని రాసివ్వండి."

ఆఫీసరు నిజంగానే రాసిచ్చాడు.

తిరుగు ప్రయాణంలో అడిగాను. "ఈ మాటేదో నాకైనా చెప్పొచ్చుగా బావా?"

"చెబితే నువ్వా పిల్లకి చెబుతావు. ఆమె నన్ను చూసి నవ్వుతుంది. ఇద్దరం కలిసి రాశామనుకుంటారు" అన్నాడు. వాచిన కాళ్లు ముందుకి చాపుకుని తనే మొదలుపెట్టాడు. "బస్సులో కండక్టరుకి సీటు కావాలని తొమ్మిదేళ్లు అడిగాన్రా. ఎవడూ పట్టించుకోలేదు. ఒకరోజు ఒక ప్యాసింజరు, ఈ కండక్టరు మలుపు మలుపుకీ నా మీద పడుతున్నాడు, ఇతన్ని ఎక్కడైనా కూర్చోబెట్టండి అని డిపోకి రాశాడు. వారంలో సీటొచ్చింది. ఆయన జాలిపడి రాశాడో, తిట్టుకుంటూ రాశాడో ఇప్పటికీ నాకు తెలీదు."

తరవాతి ఆదివారం ఆ అమ్మాయి స్టూలు మీద కూర్చుని బావకి బూట్లు చూపించింది. ఆయన కాలికి పట్టే తొమ్మిది సైజు అయిపోయింది, ఎనిమిదే ఉంది. ఆయన తొడిగి చూసి "దివ్యంగా ఉన్నాయి" అని కొనేశాడు. ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదటిసారి.

రెండు రోజుల తరవాత అక్క అడిగింది. "కరుస్తున్నాయా?"

"లేదే."

"మరి కుంటుతున్నారేం?"

"నడక మార్చాను."

"వెనక్కిచ్చేద్దాం బావా, నెల గడువుందిగా" అన్నాను నేను.

"వద్దురా. బిల్లు మీద ఆ అమ్మాయి పేరుంది. వెనక్కిస్తే ఆమె అమ్మకాల్లోంచి తీసేస్తారు" అన్నాడు, కాళ్లు కుర్చీ కిందకి లాక్కుంటూ.

మా అక్క పాత న్యూస్‌పేపర్లు తడిపి, ఉండలు చుట్టి, బూట్ల నిండా కుక్కడం మొదలుపెట్టింది. అలా పెడితే సాగుతాయట.

బావ కాసేపు చూసి, మెల్లగా అన్నాడు. "ఎడమదాంట్లో ఇంకో ఉండ పడుతుందే."