ముడి వేయని బంతిపువ్వు

నా చిన్నప్పుడు మా చోడవరంలో ఊలు దారంతో ఎవరికీ పని ఉండేది కాదు. ఏడాదిలో ముప్పాతిక భాగం విసనకర్ర చేతిలోంచి దిగని ఊరు మాది. మా వీధి మొత్తానికి ఊలుతో అల్లడం వచ్చింది పక్కింటి అత్త ఒక్కర్తికే. ఆవిడ మాకు చుట్టం కాదు, వరస కలుపుకున్న అత్త. మావయ్య మిలటరీలో ఉన్నన్నాళ్ళూ ఉత్తరాదిన చలి ఊళ్ళలో కాపురం చేసి వచ్చింది. అక్కడ ఆకులు ఎర్రబడి రాలే రోజులు రాగానే, క్వార్టర్సులో ఆడవాళ్ళందరూ ఎండలో చాపలు వేసుకుని అల్లికకు కూర్చునేవారట. ఊరు మారినా ఆ అలవాటు పోలేదు. దసరా దగ్గరపడి వానలు కాస్త తెరిపిస్తే చాలు, ఆవిడ పెట్టె అడుగునుంచి ఊలు ఉండలూ కొక్కెం సూదీ బయటికి వచ్చేవి.

“సోడవరంలో సెట్టరు ఎవలేసుకుంటారే, నీ గేదెకేస్తావేటి?” అని మా నాయనమ్మ ఎగతాళి చేసేది. అత్త నవ్వేసి ఊరుకునేది. నిజానికి ఆవిడ స్వెట్టర్లు ఎప్పుడో మానేసింది. మనకి ఎర్రబడి రాలే ఆకులు లేకపోతేనేం, బంతిపూలు లేవా, మొక్కజొన్న పొత్తులు లేవా, పచ్చ తిరిగి పసుపు పట్టే వరిచేను లేదా అనేది. ఆశ్వయుజంలో మా ఊరి చుట్టూ ఏం కనిపిస్తే అదే ఆవిడ చేతిలో ఊలుగా దిగేది. వాటిని తీసుకెళ్ళి గుమ్మాలకు కట్టుకునేవాళ్ళు, గోడకు తగిలించుకునేవాళ్ళు.

ఆ ఏడు మా అమ్మ కడుపుతో ఉంది. మా ఇంట్లో నాయనమ్మ మాట శాసనం. పుట్టబోయే బిడ్డకు ముందుగా బట్ట కుట్టకూడదన్నది మా వైపు అందరూ పాటించేదే. పుట్టాక కూడా పురుడు వెళ్ళేదాకా పాత గుడ్డలే చుడతారు, కొత్తవి తొడగరు. కానీ నాయనమ్మ అంతటితో ఆగలేదు. పాత చీర చింపడానికి వీల్లేదంది. సూదిలో దారం ఎక్కించడానికి వీల్లేదంది. నా పావడా అంచు ఊడిపోతే నెలల తరబడి అలాగే ఈడ్చుకుంటూ తిరిగాను. అమ్మ కూడా సూది ముట్టుకునేది కాదు. నా తర్వాత పుట్టిన తమ్ముడు పుట్టిన కొద్దిరోజులకే పోయాడు. అప్పటినుంచీ మా ఇంట్లో ఎవరూ గట్టిగా నవ్వేవారు కాదు, గట్టిగా దెబ్బలాడుకునేవారూ కాదు.

దసరా ముందు అత్త మా ఇంటికి కొత్త అల్లికలు పట్టుకొచ్చింది. నడవ గుమ్మానికి ఒక తోరణం తగిలించింది. మధ్యలో ఇంత లావు నారింజరంగు బంతిపువ్వు, అటొకటి ఇటొకటి ఆకులతో సహా మొక్కజొన్న పొత్తులు. మా రేడియో మీద కప్పడానికి వరిచేను రంగు గుడ్డ కూడా ఇచ్చింది. పచ్చగా మొదలై అంచుకొచ్చేసరికి పండిన పసుపులోకి తిరిగేది. నాయనమ్మ తోరణం కేసి ఎగాదిగా చూసి, “పువ్వు బాగుంది గానీ, ఇంత ఊలు దండగ చేసేవు” అంది. ఆవిడ మెచ్చుకోలు అలాగే ఉంటుంది.

ఒకరోజు ఇంట్లో అంతా పెరట్లో ఉండగా, ముక్కాలిపీట ఎక్కి ఆ బంతిపువ్వును కిందికి దించాను. పట్టుకు చూడాలని ఎప్పట్నుంచో ఆశ. లోపల గుడ్డపేలికలు కుక్కి ఉన్నాయి. అడుగున మూతి దగ్గరికి లాగి దారంతో బిగించి ఉంది. పక్కన అల్లిక చివరి కన్ను ఊడిపోకుండా పిన్నీసు పెట్టి ఉంది. వేళ్ళు ఊరుకోక ఆ దారం వదులు చేసి పేలికలు పీకేశాను. మూతి తెరుచుకుంది. దాన్ని తిరగేసి ఇత్తడి చెంబు మీద పెడితే చక్కగా పట్టింది. అప్పుడు అర్థమైంది. అది పువ్వు కాదు, పసిపిల్లల టోపీ. పొత్తులు తడిమి చూశాను. అవి కాళ్ళ మేజోళ్ళు. రేడియో మీద గుడ్డ బిడ్డకు చుట్టే దుప్పటని ఇక తడమనక్కర్లేకుండానే తెలిసిపోయింది.

పేలికలు మళ్ళీ కుక్కేసి, మూతి బిగించి, తోరణం ఎలా ఉన్నదాన్ని అలా తగిలించి, అత్త వాళ్ళింటికి పరిగెత్తాను. ఆవిడ పెరట్లో కూర్చుని బీరకాయలు తరుగుతోంది. నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. “మా బిడ్డకి బట్టలెందుకు సేసేవు? ఏటైనా అయితే?” అని అరిచాను. అత్త కత్తిపీట వాల్చేసి నా నోరు మూసింది.

నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆవిడ చెప్పిన మాట నాకు అంతవరకూ తెలియదు. పోయిన తమ్ముడి కోసం ముందుగా బట్టలు కుట్టింది ఎవరో కాదు, మా నాయనమ్మే. వద్దన్నా వినకుండా తన మెత్తటి నేతచీర చింపి, ముచ్చటపడి బుల్లి జుబ్బాలు కుట్టిందట. వాడు పోయాక ఆ జుబ్బాలన్నీ పొయ్యిలో పెట్టేసిందట. తన చేయే వాణ్ణి తీసుకుపోయిందని ఆవిడ నమ్మకం.

“నువ్వు నానమ్మకి సెప్పొచ్చు కదత్తా, బట్టల వల్ల ఏటీ అవదని” అన్నాను.

“భయపడినోలికి మాట సెవికెక్కదే అమ్మా. నానెంత సెప్తే అంత బిగుసుకుపోతాది. అలాగని సలి రోజుల్లో పుట్టే గుంటని ఉత్తినే ఒగ్గేస్తామా?” అంది అత్త. తర్వాత పక్కన బుట్టలోని అల్లిక తీసి చూపించింది. చివరి కన్నులోంచి దారం లాగి ముడి వేసేదాకా ఎంత అల్లినా అది బట్ట కాదట. పిన్నీసు తీసి కొస పట్టుకు లాగితే మొత్తం ఊడిపోయి దారమైపోతుంది. తోరణంలో దేనికీ, రేడియో గుడ్డకు కూడా, ముడి వేయలేదని చెప్పింది. “ముడి ఎయ్యనన్నాళ్ళూ అది బంతిపువ్వే. అక్కర పడకపోతే పువ్వుగానే ఉంటాది.”

నాకు సగం ధైర్యం వచ్చింది, సగం రాలేదు. ఎవరికీ చెప్పలేదు కానీ ఆ గుమ్మం కింద నాయనమ్మ నడిచినప్పుడల్లా, తలెత్తి పువ్వు కేసి చూస్తుందేమోనని కనిపెట్టి ఉండేదాన్ని. అమ్మ నడుం పట్టుకుని కూర్చుంటే, బంతిపువ్వు వల్లేనేమో అనిపించేది. అన్నం తినబుద్ధయ్యేది కాదు. ఇంట్లో వాళ్ళు నాకు దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పడేశారు.

దీపావళి వెళ్ళిన కొద్దిరోజులకు తుపాను పట్టింది. పొద్దున్నుంచీ తూర్పుగాలి ఊళ వేస్తోంది. రేడియోలో హెచ్చరికలు చెబుతూ చెబుతూనే కరెంటు పోయింది. అత్త కొంగు నెత్తిన కప్పుకుని వచ్చి, గుమ్మంలో జల్లు కొడుతోందన్న వంకతో తోరణమూ రేడియో గుడ్డా తీసి వంటింట్లో పొయ్యి పైనున్న దండెం మీద ఆరేసింది. మధ్యాహ్నానికి అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. ఇంకా నెలలు నిండలేదు. నాన్న జీపు కోసం పరిగెత్తాడు. అనకాపల్లి రోడ్డు మీద చెట్లు అడ్డంగా పడ్డాయనీ, వడ్డాది దగ్గర ఏరు పొంగిందనీ, బండి ఎటూ కదలదనీ కబురు వచ్చింది. వీధి చివరి మంత్రసానిని అత్తే వెళ్ళి వానలో చెయ్యి పట్టుకు నడిపించుకొచ్చింది.

నన్ను వంటింట్లో కూర్చోబెట్టి నీళ్ళపొయ్యి ఆరిపోకుండా చూడమన్నారు. గాలికి పెంకులు లేచి పడుతున్నాయి. గదిలోంచి అమ్మ మూలుగు వినిపిస్తోంది. తర్వాత అది కూడా ఆగిపోయింది. బిడ్డ పుట్టాడని మంత్రసాని గొంతు వినబడింది కానీ ఏడుపు వినబడలేదు. తల ఎత్తితే ఎదురుగా దండెం మీద ఆ బంతిపువ్వు. అంతా దానివల్లే అనుకున్నాను. ఇప్పుడు లాగేస్తే దారమైపోతుంది, బట్ట లేకుండా పోతుంది, తమ్ముడు ఏడుస్తాడు. నా ఆలోచన అంతే. పీట ఎక్కి పువ్వు దించి, మళ్ళీ కింద కూర్చుని పేలికలు పీకి పడేసి, పిన్నీసు విప్పి, దారం కొస పట్టుకున్నాను.

“ఏటే అది?”

వంటింటి గుమ్మంలో నాయనమ్మ. వేణ్ణీళ్ళ కోసం వచ్చింది. ఆవిడ ముందు అబద్ధం ఆడడం నాకెప్పుడూ చేతకాలేదు. “టోపీ” అన్నాను.

నాయనమ్మ నా చేతిలోకి చూసింది. దండెం మీది పొత్తులు చూసింది. వరిచేను గుడ్డ చూసింది. ఒక్కొక్కటీ ఏమిటో ఆవిడకు అర్థమవుతుంటే మొహం పాలిపోవడం పొయ్యి వెలుగులో నాకు కనిపించింది. ఈలోగా గదిలోంచి అత్త వచ్చి ఆవిడ వెనక నిలబడింది. అప్పుడే సన్నగా, పిల్లికూన కూసినట్టు, తమ్ముడి ఏడుపు వినబడింది. దాని వెనకే మంత్రసాని కేక: “బేగి రండి, తలకేటైనా సుట్టండి! గుంటడు సల్లబడిపోతన్నాడు!”

నాయనమ్మ కదలలేదు.  అత్త ఆవిడ పక్కకి వచ్చింది. మెల్లిగా, “అది బంతిపువ్వే పిన్నీ, ముడి ఎయ్యలేదు. వద్దంటే సెప్పు, ఈ గుంట సేతిలో కొస ఉంది, లాగేస్తాది” అంది.

కొస వదలకుండా నాయనమ్మ కేసి చూశాను.  చివరికి ఆవిడ, “దసరాల నుంచీ గుమ్మానికుంది కదే. పొగా దుమ్మూ పట్టీసింది. కొత్తదెలాగవుతాది? పాతదే” అంది. మాతో అన్నట్టు లేదు, ఎవరినో ఒప్పిస్తున్నట్టుంది. తర్వాత రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, “ముడి నువ్వెయ్యి. నా సెయ్యి మంచిది కాదు” అంది.

అత్త నా చేతిలోంచి టోపీ తీసుకుంది. నడుం దగ్గర దోపుకున్న కొక్కెం సూది కన్నులోకి పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. “నా వల్ల కావట్లేదు పిన్నీ, వానలో తడిసొచ్చేను, సేతులు వణుకుతన్నాయి. నువ్వే ఎయ్యాలి. ముడి పడకపోతే వాడి తల మీదే ఊడిపోతాది” అంటూ నాయనమ్మకు అందించింది.

నేను కింద కూర్చున్నాను కాబట్టి అత్త చేతులు సరిగ్గా నా కళ్ళ ఎదురుగా ఉన్నాయి. అవి వణకడం లేదు. వానలో మంత్రసానిని పట్టుకొచ్చినప్పుడూ వణకలేదు, ఇందాక వేణ్ణీళ్ళ గిన్నె వట్టి చేత్తో దించినప్పుడూ వణకలేదు.

నాయనమ్మ చేతులు ముందుకు వచ్చాయి. వణికింది అవే. కన్నులోంచి కొస లాగింది, బిగించింది, ఒకటి చాలదన్నట్టు దాని మీద ఇంకో ముడి వేసింది. పొత్తులకూ ముడి వేసి, గుడ్డ అంచూ ముడి వేసి, పొయ్యి సెగకు వెచ్చబెట్టి తనే గదిలోకి పట్టుకెళ్ళింది. వెళ్తూ వెళ్తూ అత్తతో, “దొంగముండా” అంది. అంత ప్రేమగా ఆ తిట్టు నేను మళ్ళీ ఎక్కడా వినలేదు.

వాడు వెంటనే తేరుకోలేదు. గాలి తగ్గి, రోడ్డు తెరుచుకుని, నాన్న జీపు తెచ్చేదాకా నాయనమ్మ వాణ్ణి గుండెల మీదినుంచి దించలేదు. ఆసుపత్రిలో డాక్టరు వెచ్చగా తెచ్చి మంచి పని చేశారన్నాడట. నాయనమ్మ ఆ మాట వీధి వీధంతా చెప్పుకుంది. అత్త పేరెత్తకుండా, తానే తోరణం దించి టోపీ చేసినట్టు చెప్పుకుంది. అత్త పక్కనే కూర్చుని, “అవును పిన్నీ, నీకు తట్టింది కాబట్టి సరిపోయింది” అని తలూపేది. నాకు ఒళ్ళు మండిపోయేది. మర్నాడో ఎప్పుడో అడిగితే అత్త, “ఆ సేత్తో ఇంకో బిడ్డని ఎత్తుకోగలుగుతోంది కదే, అది సాలదేటి?” అంది. ఆ తర్వాత నా పావడా అంచు నాయనమ్మే కూర్చుని కుట్టింది.

ఆ తమ్ముడికి ఇప్పుడు నెత్తిమీద ఒక్క వెంట్రుక లేదు. చలికాలం వస్తే నేను అల్లిన టోపీ పెట్టుకుని రోలుగుంటలో తన చెరకుతోట చూసుకుంటాడు. ఎదురుపడితే ఇప్పటికీ “ఏరా బంతిపువ్వూ” అనే పిలుస్తాను.

మా మనవరాలు ఫోనులో చూసి ఏవో ఎర్రటి ఆకులు అల్లుతోంది. అవి మన దగ్గర లేవే, చెరకు వెన్ను అల్లవే అంటే నవ్వుతుంది. మొన్న అల్లిక పూర్తయ్యాక ముడి వేయడానికి జంకింది. పాడవుతుందేమోనని నాకిచ్చి వెయ్యమంది. నా చేతులు ఈమధ్య నిజంగానే వణుకుతున్నాయి. కానీ వణకని రోజుల్లో కూడా, నాయనమ్మలా చేతులు వెనక్కి పెట్టుకున్న మనిషి కనబడితే, ముడి వేయడం నాకు చేతకాదనే చెప్పేదాన్ని. దానికీ అదే చెప్పి, కొస దాని చేతికిచ్చాను.