మూడో పాయ మూసుకుపోయిన బల్ల

బడులకు నదుల నమూనాలు చేసే నదులక్క మొదటి గెలుపు, డెల్టా బల్ల మీద మూడు పాయల్లోనూ నీళ్లు పారించడం. అంతకుముందు బడులకు డెల్టా నమూనాలు చేసేవాళ్లు నీలం రంగు పూసి చేతులు దులుపుకునేవారు. ఈవిడ చేసిన బల్ల మీద కొండ దగ్గర చెంబెడు నీళ్లు పోస్తే, అవి పల్లం వెతుక్కుంటూ దిగి, మైదానంలో మూడుగా చీలి, ఎవరి దారిన వాళ్లన్నట్టు సముద్రం తొట్టెలో పడ్డాయి. అందుకోసం ఎన్ని బల్లలు నానబెట్టి కుళ్లబెట్టిందో ఆమె భర్తనే అడగాలి. ఆయన వడ్రంగి. కుళ్లినవన్నీ ఆయన చేసినవే.

చదివింది పల్లెటూరి బడిలో. అయితేనేం, ఆ గెలుపు తర్వాత ఆమె చేతికి పట్టపగ్గాల్లేవు. మూడు వైపులా నీళ్లున్న నేల ద్వీపకల్పమని మట్టితో చేసి చూపించింది. రెండు సముద్రాలను కలిపే సన్నటి నీటిదారి జలసంధి, రెండు నేలలను కలిపే సన్నటి మట్టిదారి భూసంధి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి పిల్లల తికమక వదిలించింది. వచ్చి కలిసేది ఉపనది, విడిపోయి వెళ్లేది పాయ అని వేలితో తడిమి నేర్చుకున్నవాళ్లు ఇప్పుడు పిల్లల తల్లులయ్యారు.

మణికట్లు సలుపుతున్నాయి, ఇదే ఆఖరి బల్ల అనుకుని రేవు దగ్గరి బడికి పెద్ద డెల్టా మొదలుపెట్టింది. ఈసారి నీళ్లలో మెత్తటి ఒండ్రుమట్టి కలిపింది. సముద్రం చేరేచోట నది నడక మందగిస్తుంది, మోసుకొచ్చిన మట్టిని అక్కడే దించేస్తుంది. మేట మీద మేట పడి లేచిన నేలే డెల్టా. అది పిల్లల కళ్లముందే పుట్టాలని ఆమె పట్టుదల.

పుట్టింది. కానీ బల్లను చూడడానికి పెద్ద పంతులమ్మ బడి వరండాలోకి వచ్చేసరికి మూడో పాయ నోరు మూసుకుపోయింది.

"ఇదేంటమ్మా, ఇది ఎండిపోయింది?"

"ఎండలేదండీ, మేట వేసింది. నది చేసే పనే."

"నది చేసిందా, మీ మట్టి చిక్కనైందా?"

"చిక్కనయ్యే ఉంటుందండీ," అన్నాడు వడ్రంగి. "పొద్దున బకెట్టు నేనే కలిపాను. నాది కాస్త ధారాళమైన చెయ్యి."

"మిమ్మల్నెవరడిగారు?" అంది నదులక్క.

పెద్ద పంతులమ్మ నవ్వు ఆపుకుంది. "పుస్తకంలో మన నదికి మూడు పాయలున్నాయమ్మా. పిల్లలు రాయాల్సిందీ మూడే. ఆ నోట్లో మట్టి తీసి, అంచులకు కాస్త సిమెంటు పూసి తెరిచి ఉంచండి, ఇవాళే హాల్లో పెట్టించేస్తాను."

నదులక్క తాపీ చేతిలోకి తీసుకుంది. సిమెంటు పూస్తే బల్ల హాల్లో ఉంటుంది, డెల్టా మాత్రం ఉండదు. నీలం రంగు పూసినట్టే. పూయకపోతే, తప్పు బకెట్టుదైతే, పిల్లలకు అబద్ధం చెప్పినట్టు. ఏది నిజమో ఆమెకు తెలియదు. ఇన్ని నదులు చేసింది గానీ, అన్నీ పటం చూసి చేసినవే. నది సముద్రంలో కలిసే చోటు కంటితో చూసింది లేదు.

"మీరు చూశారాండీ, అసలు నదిలో ఆ మూడో పాయని?"

"లేదమ్మా. నేనూ పుస్తకంలోనే."

తాపీ కింద పెట్టింది. "అయితే వెళ్లి చూసొస్తాను. మూసుకుపోయుంటే బల్ల ఇలాగే పెట్టాలి మీరు. తెరిచుంటే నా చేత్తో నేనే సిమెంటు పూస్తాను."

"అందాకా హాలు ఖాళీగా ఉంచమంటారా?"

"ఉంచండి."

పెద్ద పంతులమ్మ సరేనంది.

"నేనూ వస్తానే," అన్నాడు వడ్రంగి, ఆమె ఇంటికెళ్లి సంచీ సర్దుతుంటే.

"మీరొస్తే బల్లకి తడెవరు పెడతారు? మట్టి బీటలిస్తుంది. చేత్తో చల్లండి చాలు. ఆ బకెట్టు జోలికి మాత్రం వెళ్లకండి."

సరుకుల పడవలో ఓ మూల చోటిచ్చారు. పడవవాణ్ని మూడో పాయ సంగతి అడిగితే, తను ఎప్పుడూ మొదటి పాయలోనే వెళ్తానన్నాడు. ఆమె దిగి, గట్టు మీదుగా నడిచి చూసుకోవాలి. అదే పడవ ఆమెను ఎక్కించుకుని తిరిగి వచ్చేది పద్దెనిమిదో తేదీ, గురువారం. బల్ల అలాగే ఉంటుందో, సిమెంటు పూయాలో తేలేది ఆ రోజే.