పిలిచి ఊరుకునేవాళ్లు

చెవి మిషన్ తీసేస్తే శామీర్‌పేట చెరువు మీద గాలి కూడా నెమ్మదించినట్టుండేది. నాయిన నడిపే ఆటోలో వెనక సీట్లో కూర్చుని చూసేదాన్ని. కరీంనగర్ రోడ్డు మీద బస్సులు చప్పుడు లేకుండా, నీళ్లలో చేపల్లా జారిపోయేవి. ఆటో వణుకు ఒంట్లోకి ఎక్కి కళ్లు మూతలు పడేవి. అంత హాయి నాకు మళ్లీ ఎక్కడా దొరకలేదు.

నాకు పుట్టుచెవుడు. చిన్నప్పుడే ఆపరేషన్ చేసి తల లోపల ఒక ముక్క పెట్టారు. బయటి ముక్క చెవి వెనక అయస్కాంతంతో అతుక్కుంటుంది. అది ఉంటేనే వినికిడి, తీస్తే ఏమీ లేదు. నేను మాట్లాడాలని, ఆ ఒక్క కోరిక మీదే మా అమ్మ బతికేది.

ఆదివారం ఆరాధన అయిపోగానే నాకు గండం మొదలు. మా చర్చిలో దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందు సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. నన్ను ముందు నిలబెట్టి, ఎవరో ఒకరు వెనక నుంచి పేరు పెట్టి పిలిచేవారు. నేను తిరిగితే అందరూ స్తోత్రం అనేవారు. ఇంట్లోనూ అంతే. అన్నం, నీళ్లు, స్నానం అన్నీ సైగలతోనే. మాట మాత్రం పరీక్షకే. అవ్వ అయితే నా వెనక స్టీలు పళ్లెం మోగించి, "సూసినవా, తిరిగింది పిల్ల" అని మురిసిపోయేది. తిరిగిన నేను వాళ్ల మొహాల్లోకి చూస్తూ నిలబడేదాన్ని. పిలిచారు సరే, ఎందుకు పిలిచారో చెప్పాలా వద్దా? ఒళ్లు మండేది నాకు.

అందుకే మిషన్ ఆపేసి పెట్టుకోవడం మొదలుపెట్టాను. వెనక ఎవరైనా పిలవగానే ఎదురుగా కూర్చున్న అమ్మ చూపు అటు పోయేది. అది చూసి తిరిగేదాన్ని. స్తోత్రం మామూలే.

మాటలు నేర్పే మేడమ్ దగ్గర దొరికిపోయాను. నోటికి కాగితం అడ్డం పెట్టుకుని ఆమె ఏమన్నదో నాకు తెలియలేదు. మిషన్ తీసి చూసి అమ్మతో, "ఇది బందు వెట్టి ఉన్నదమ్మా. గిట్లనే ఉంటే వచ్చిన నాలుగు మాటలు గూడ పోతయి" అన్నదట.

ఇంటికొచ్చాక అమ్మ కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. ఎందుకని చేత్తో అడిగింది. నాకున్న మాటలు కొన్నే.

"పిలుస్తరు. ఏం జెప్పరు" అన్నాను.

అమ్మ మొహం చూసి నాకే ఏడుపొచ్చింది. అమ్మ నా ముందుకొచ్చి గొంతుక్కూర్చుని మిషన్ ఆన్ చేసింది. లోకమంతా బరబరమంటూ లోపలికొచ్చింది. పేరు పెట్టి పిలిచింది. నేను అలవాటుగా చూస్తూ నిలబడ్డాను.

"ఆకలైతాందా, బిడ్డా?"

పాఠం కోసం కాకుండా, నిజంగా తెలుసుకోవాలని నన్ను మాటతో అడగడం అదే మొదలు. జవాబు చెప్పాలని తోచక అమ్మ నోటి వంకే చూశాను.

"ఐతాంది" అన్నాను.