నాలుగో పొయ్యి

ఆ రోజుల్లో మాకు రోడ్డు అంటే నడిచేది కాదు, కూర్చునేది. ఇంట్లో తిన్న కంచం కూడా ఎత్తనివాళ్లం (అంటే నేనే) తెలంగాణ కోసం నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశాం. బస్సులు ఆపి, అక్కడే వండి, అక్కడే తిని, ఆ తర్వాతే లేచేవాళ్లం. ఎంత కోపంలో ఉన్నా కడుపు సంగతి మరిచిపోని ఉద్యమం మాది. ఇప్పటి పిల్లలకు చెబితే, రోడ్డు మీద పిక్నిక్ చేసుకున్నారా అని అడుగుతారు.

అప్పుడు నేను బీకాం పూర్తి చేసి నర్మెట్టలో ఖాళీగా ఉన్నాను. మైకు చేతికిస్తే తిరిగి ఇవ్వడని ఊళ్లో ఉద్యమ కమిటీలో నాకు పేరు. జనగామ రోడ్డు మీద వంటావార్పు పెట్టాలనుకున్నప్పుడు, చదువుకున్నవాడు కదా బేరం బాగా చేస్తాడని, వంట మనిషిని కుదిర్చే పని నాకు అప్పగించారు. (బీకాంలో బేరం నేర్పరని వాళ్లకు తెలియదు. నేనూ చెప్పలేదు.) చుట్టుపక్కల పెండ్లిళ్లన్నిటికీ వండేది గంటె తాత. చేతిలో గంటె, అదే పెద్ద గరిటె, లేకుండా ఆయన్ను చూసినవాళ్లు లేరు. ఆయన ధర మనుషుల లెక్కన కాదు, పొయ్యిల లెక్కన. పొయ్యికి ఇంతని మాట్లాడుకుంటే, దాని మీది గంజు, అంటే పెద్ద వంటగిన్నె, దిగేదాకా పూచీ ఆయనదే.

“ఎంతమంది అయితరు?” అని అడిగాడు తాత.

“రెండొందల మంది.”

“రోడ్డు మీది వంట బిడ్డా, లెక్కకు నిలువది. నాలుగు పొయ్యిలు పెట్టుకో.”

“మూడు చాలు తాతా. పొయ్యికి ఐదొందలు. గంతే.”

“మల్ల ఆనాడు నన్ను పరేషాన్ జెయ్యొద్దు.”

“మాటంటే మాటే!” అని ఆయన చేతిలో చెయ్యి వేసి వచ్చాను. ఒక పొయ్యి తగ్గించానని ఊరంతా చెప్పుకున్నాను. మా బాపు ఒక్కడే మెచ్చుకోలేదు. “పొయ్యి తగ్గిస్తివి సరే, కడుపులు ఎట్ల తగ్గిస్తవురా?” అన్నాడు. పాతకాలం మనిషి, ఆయనకేం తెలుసనుకున్నాను.

ఆ రోజు రానే వచ్చింది. ఇంటింటి నుంచి బియ్యం, వంకాయలు, ఉల్లిగడ్డలు బస్తాలకొద్దీ వచ్చాయి. రోడ్డు పక్కన మూడు పొయ్యిలు భగభగమంటున్నాయి. నేను మైకు పట్టుకున్నాను. “మనతోటి పెద్దమనుషుల ఒప్పందం జేసుకున్నరు. చేసుకున్న ఒప్పందం తప్పిండ్రు. మాట తప్పినోళ్లను మనం నమ్ముదామా?” అంటే చప్పట్లే చప్పట్లు. చప్పట్లు వినబడితే నాకు ఒళ్లు తెలియదు. ఎదురుగా ఆగిపోయిన బస్సులు, కిటికీల నిండా తలలు. అందులో ఒక బస్సు నిండా పెద్దవంగర పెండ్లికి పోయేవాళ్లే. “బస్సులల్ల ఉన్న అక్కలారా, అన్నలారా, అవ్వలారా! మీరు గూడ మనోళ్లే. దిగుండ్రి! అందరు బువ్వ దినే పోవాలె!” అనేశాను. అందరూ దిగారు.

జనాన్ని చూసి తాత గంటె పట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చాడు. “బీకాం, నాలుగో పొయ్యి ముట్టియ్యాలె. ఇంకిద్దరు మనుషులను పిలవాలె. మరి పైసలు?”

“ఒప్పుకున్నదాని మీద రూపాయి గూడ ఎక్కువ ఇయ్య తాతా. ఒప్పందమంటే ఒప్పందమే,” అన్నాను. మైకు నా చేతిలోనే ఉందని, అది పని చేస్తూనే ఉందని అప్పుడు గమనించలేదు.

“ఏంది ఒప్పందం? రెండొందల మందికి మూడు పొయ్యిలు. నేను మూడు ముట్టిచ్చిన. నువ్వేమో ఐదొందల మందిని దింపితివి. మాట తప్పినోళ్లను నమ్మొద్దని ఇప్పుడే జెప్తివి గదా. గిప్పుడు తప్పిందెవరో గదే మైకుల జెప్పు!”

రోడ్డంతా లేచిన నవ్వు జనగామ దాకా వినిపించి ఉంటుంది. పెండ్లి బస్సు అవ్వ ఒకామె నవ్వలేదు. “ముసలాయన అన్నది సక్కగనే ఉంది గని, మరి మా బువ్వ సంగతేంది కొడుకా?” అంది. అప్పుడు నిజంగా భయపడ్డాను. చందా డబ్బు అయిపోయింది, నా జేబులో పది రూపాయలున్నాయి. నా పరువు పోతే పోయింది, పిలిచి పస్తులతో పంపారన్న పేరు ఉద్యమానికి వస్తే ఊళ్లో తల ఎత్తుకోలేను. “పైసలు లేవు తాతా, తప్పు నాదే,” అన్నాను. (అది కూడా మైకులోనే.)

తాత నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. “పైసలు లేకుంటే చేతులు గూడ లేవా? దా!” అన్నాడు. కొత్త పొయ్యి దగ్గర నా చేతనే కొబ్బరికాయ కొట్టించి, ఒక బస్తా ఉల్లిగడ్డలు, ఒక కత్తి నా ముందు పడేశాడు. ఇంట్లో పచ్చిమిరపకాయ తుంచి ఎరగను. నాలుగు గడ్డలు కోసేసరికే కళ్లు, ముక్కు ఏకమయ్యాయి. సరిగ్గా అప్పుడే ఒక పత్రికాయన వచ్చి ఫొటో తీసుకున్నాడు. అవ్వ నా పక్కన కూలబడి కొంగుతో నా కళ్లు తుడిచింది. “ఏడ్వకు కొడుకా. వస్తది, తెలంగాణ వస్తది,” అంది. ఉల్లిగడ్డల వల్ల అవ్వా అని చెప్పబోయి ఆగాను. ఆ మాటకు నిజంగానే ఏడుపొచ్చింది. అందులో ఉల్లిగడ్డ వాటా ఎంతో, నాది ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

అందరూ తిన్నారు. చివరికి తాత విస్తరాకులో అన్నం పెట్టి, “నీ పొయ్యి బువ్వ, తిని జూడు,” అన్నాడు. కొంచెం మాడింది. అంత రుచి నేను మళ్లీ ఎరగను. మరునాడు పత్రికలో నా ఫొటో, కింద ‘కంటతడి పెట్టిన యువ నాయకుడు’ అని అక్షరాలు.

తెలంగాణ వచ్చింది. నాకు చెల్పూర్ దగ్గర ఉద్యోగమూ వచ్చింది. మొన్న ఇంట్లో ఫంక్షన్‌కు వంట కుర్రాడితో మాట్లాడుతూ, అతను అడగకముందే “ఇంకో పొయ్యి ఎక్కువే పెట్టుకో తమ్మీ, ధర ఇప్పుడే చెప్పు,” అన్నాను. గ్యాస్ పొయ్యిల మీద వండే ఆ అబ్బాయి నన్ను వింతగా చూశాడు. ఆ ఫొటో మా ముందు గదిలో ఉంది. నాయిన తెలంగాణ కోసం ఏడ్చిండని మా బిడ్డ వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంది, నేను గంభీరంగా తలూపుతాను. తాత ఇప్పుడు లేడు. ఫొటోలో ఒక మూలన ఆయన గంటె మాత్రం సగం కనిపిస్తుంది. అది ఎవరిదని ఎవరైనా అడిగితే మొత్తం చెప్పేద్దామని ఇన్నేళ్లుగా చూస్తున్నాను. ఎవరూ అడగలేదు. అందుకే మీకు చెప్పాను.