తెరవని కుడికన్ను

మా తమ్ముడు కాలం చేసిన తరువాత కూడా ఆళ్లగడ్డలోని అతని శిల్పశాలలో సాయంకాలపు ఉలిచప్పుడు ఆగలేదు. రెండు తేలిక దెబ్బలు, ఒక బరువు దెబ్బ, ఆపై ఊపిరి పీల్చుకొనేంత విరామం. ఆ లయ అతనిది. నంద్యాల బస్సు దిగి, రాతిపొడితో తెల్లబారిన ఆ వీధిలో నడుస్తూ దానిని మొదటిసారి విన్ననాడు నా కాళ్లు నిలిచిపోయినవి. తలుపు తోసి చూస్తే లోపల కూర్చున్నది అతని కూతురు. తండ్రి చేతిక్రింద పని నేర్చినది కనుక తండ్రి దెబ్బయే ఆమె చేతికి వచ్చినది. అందులో వింత లేదు. అయినా ఆ తరువాత ఎన్నిసార్లు వెళ్లినా, తలుపు తీసే ముందు ఒక్క క్షణం గడప ఇవతల ఆగిపోవడం నాకు అలవాటైపోయినది.

మాది తరతరాలుగా దేవతామూర్తులను చెక్కే వంశం. నా చేతికి ఉలి పట్టుబడలేదు. సంస్కృతాంధ్రాలు చదివి, నంద్యాలలో తెలుగు పండితుడనై, అక్కడనే ఉద్యోగవిరమణ చేసినాను. తమ్ముడు రాతిని పట్టుకొన్నాడు. ఏ దేవత చేతిలో ఏ ఆయుధముండవలెనో, ఏ పాదం ముందు నిలువవలెనో సందేహం కలిగినప్పుడు అతడు నా వద్దకు వచ్చేవాడు. నేను ధ్యానశ్లోకం విప్పి చెప్పేవాడిని. అతడు నా వరండా గచ్చుమీద సుద్దముక్కతో గీసి చూపేవాడు. మా అన్నదమ్ముల మాటలలో సగం అట్లు దేవతల చేతులను గురించియే సాగినవి.

సముద్రాల కావల ఒక దేశంలో మనవారు కట్టుకొంటున్న ఆలయానికి ద్వారపాలకులను చెక్కడానికి అతడు వర్క్ వీసా మీద వెళ్లినాడు. ఆ వీసా అతనికి నిలువ నీడ నిచ్చినదే గాని, ఆ ఆలయం గడప దాటి మరొకచోట ఉలి పట్టే హక్కు నీయలేదు. పిలిచినవారికి పని ఉన్నంతకాలమే అతడక్కడ ఉండగలడు. జయుడు పూర్తియై నిలిచినాడు. విజయుని ముఖం తేలి, నగలు తేలి, కన్నులు మాత్రం మిగిలి ఉండగా ఆలయకర్తలలో కలహం పుట్టి పని ఆగిపోయినది. పని లేదు గనుక వీసా లేదు. వీసా లేదు గనుక చెప్పిన తేదీకి విమాన మెక్కవలసినదే.

మా యింటి పద్ధతిలో కంటిపాప గీత గీయడం అన్నిటికంటె చివరి పని. అంతవరకు అది రాయి. ఆ గీత పడిన తరువాత దానికి చూపున్నదని మా నమ్మకం. అందుచేతనే రెండు కన్నులనూ ఒకే పూటలో, ఒకే చేతితో తెరవవలెను; తీరిక లేదనుకొంటే రెంటినీ మూసియే వదలిపెట్టవలెను. తమ్మునికి ఇది తెలియనిది కాదు. అయినా బయలుదేరే ఉదయం, చూపులేని ముఖాన్ని విడిచి రావడానికి మనసొప్పక, ఉలి పట్టి కూర్చున్నాడు. ఎడమకన్ను పూర్తియైనది. కుడికంటికి సన్నని ఉలి చేతికి తీసుకొంటుండగా విమానాశ్రయానికి కొనిపోయే కారు వచ్చి వాకిట నిలిచినది.

"ఒక కన్ను తెరిసి వచ్చేసినానన్నా," అన్నాడు, వచ్చిన వారానికి నా వరండాలో కూర్చొని. "అది నన్నే చూస్తాంది."

"అంత దూరం నుండి రాయి ఏమి చూస్తుందిరా?"

"తెరిసింది నేను గదా. నేను యాడుంటే ఆడికి చూస్తాది."

ఆనాటినుండి అతడు తక్కిన పనులన్నీ చేసినాడు గాని ఏ విగ్రహానికీ తానుగా కన్ను తెరవలేదు. ఆ పని కూతురి చేతిలో పెట్టినాడు. మబ్బు పట్టినప్పుడల్లా, "ఆడ వాన పడతాందేమో. దాని మీద పట్టా కప్పినారో లేదో," అనేవాడు. అతని భార్య, మా మరదలు, నోటికి వెరపు లేనిది. "ఆడి వాన మనకేల? ఈడ మిద్దె కారతాంది, దాన్ని చూడు ముందు!" అని వంటింటిలోనుండి కేక వేసేది. అతడు నవ్వేవాడు. రోగం వచ్చి మంచం పట్టిన తరువాత మాత్రం నవ్వలేదు. నేనెప్పుడు చూడబోయినా గోడవైపు తిరిగియే ఉండేవాడు. "ఇటు తిరగరా," అంటే, "మొగం మీద చూపు పడతాందన్నా," అనేవాడు. ఆ మాట వినలేక నేను లేచి కిటికీ రెక్క మూసేవాడిని. మూసినందువలన ఏమి ప్రయోజనమో నాకే తెలియదు.

అతని కూతురు పగలు నంద్యాలలో ఒక కట్టడపు సంస్థలో కంప్యూటరు మీద ఆలయాల నమూనాలు గీచే ఉద్యోగం చేసేది. సాయంకాలం ఆళ్లగడ్డ చేరి ఉలి పట్టేది. భర్త అహోబిలం యాత్రికులకు జీపు నడుపుతాడు. వారికి బడికి పోయే పాప ఉన్నది. తండ్రి పోయిన యేడాది తిరుగక ముందే ఆమె నాతో తన నిశ్చయం చెప్పినది.

"నేనూ ఆ దేశమే పోతా, పెదనాయనా. కానీ పీఆర్‌తోనే పోతా. ఒకరు పొమ్మంటే పోవాల్సినట్ల పోను."

పీఆర్ అనగా శాశ్వతనివాసపు హక్కు. అది చేతికి వస్తే భర్తా పాపా కూడా వెళ్లవచ్చును; ఎవరివద్దనైనా పని చేయవచ్చును; ఒకరి కలహానికి మరొకరు పెట్టె సర్దుకోనక్కరలేదు. దానికి వయస్సు, భాష, ఉద్యోగానుభవం లెక్క కట్టి మార్కులు వేస్తారట. ఆమెకు దాదాపు అన్నీ కుదిరినవి. ఉద్యోగంలో తెగకుండా మరికొంత కాలం గడిస్తే దరఖాస్తు పెట్టవచ్చును.

అట్టి సమయంలో ఆ ఆలయం పెద్ద ఒకరు ఫోను చేసినారు. కలహం తీరినది, కప్పు వేస్తున్నారు, ప్రతిష్ఠకు ముహూర్తం పెట్టుకొన్నారు. ఒంటికంటి ద్వారపాలకుణ్ణి అట్లే నిలుపరాదు. ఆ వంశంవారే వచ్చి తెరిస్తే మేలు. వర్క్ వీసా వెంటనే పంపుతారు. రాలేమంటే వేరొక జతను తెప్పించుకొని, దీనిని సముద్రంలో నిమజ్జనం చేస్తారు. ఆయన ఎంతో మర్యాదగానే చెప్పినాడు. ఆ మర్యాదకే నాకు వెన్ను చల్లబడినది.

నంద్యాల బస్టాండు దగ్గర మేడమీది చిన్న గదిలో వీసాల పనిచేసే ఒకాయన ఉన్నాడు. ఒకప్పుడు నా తరగతిలో చదివినవాడు. గల్ఫ్ దేశాలకు ఎందరినో పంపిన అనుభవం గలవాడు. ఆమెనూ అల్లుణ్ణీ వెంటబెట్టుకొని వెళ్లినాను.

"రండి సార్. పద్యం అప్పజెప్పమంటే గోడ దూకి పారిపోయినోన్ని. ఇప్పుడు మీరే నా మెట్లెక్కినారు!" అని కుర్చీ తుడిచినాడు. సంగతంతా విని ఆమెవైపు తిరిగినాడు. "చూడు పాపా. వర్క్ వీసా అంటే అహోబిలం జీపు. ఎక్కించుకున్నోడు యాడ దిగమంటే ఆడ దిగాల. పీఆర్ అంటే బండి తాళం నీ చేతిలో ఉన్నట్ల."

"నా జీపులోంచి ఎవుర్నీ నడి అడవిలో దింపలేదు, భాయ్," అన్నాడు అల్లుడు.

"నువ్వు మంచోనివప్పా. అందుకే ఇంగా పాత జీపే తోల్తాండావ్."

ముగ్గురూ నవ్వినారు. ఆమె నవ్వు ముందుగా ఆగినది. "రెండూ కుదరవా అన్నా? ఇప్పుడు దీంతో పోయి, వచ్చినాక దానికి పెట్టుకుంటే?"

"ఇప్పుడు ఉద్యోగం ఇడిస్తే ఇన్నాళ్ల లెక్క తెగిపోతాది. తిరిగొచ్చి మళ్లా మొదటి నుంచి. అప్పటికి వయసు మార్కులు తగ్గుంటాయి. దొరుకుతాదని నేను చెప్పలేను. నా మాట ఇను, పీఆర్‌కే ఉండు. రాయి యాడికి పోతాది?"

"సముద్రంలోకి పోతాదన్నా," అన్నదామె.

అతడు బల్లమీది పేపర్‌వెయిట్‌ను కొంతసేపు అటూ యిటూ త్రిప్పి, టీ తెప్పించినాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆళ్లగడ్డలో భోజనాలు ముగిసిన తరువాత ఆ మాట మళ్లీ లేచినది. మా మరదలు ఎంగిలి విస్తళ్లు తీస్తూనే మొదలుపెట్టినది.

"మీ నాయన ఇంకొక్క పూట ఉంటానంటే ఉంచుకోలేదు ఆ వీసా. అదే వీసా మీద నువ్వూ పోతాండావా? మొగుడొక తావు, బిడ్డొక తావు?"

"నేను పోకుంటే దాన్ని నీళ్లల్లో ఏస్తారుమా."

"ఏయనీ. మనిషే పాయ. రాయి కూడా పోనీ."

అన్న తరువాత ఆమె విస్తళ్లు చేత పట్టుకొని అట్లే నిలుచున్నది. చివరకు నావైపు తిరిగినది. "బావా, మీరు పెద్దోళ్లు. అన్నీ సదివినోళ్లు. శాస్త్రంలో ఏముండాదో మీరన్నా చెప్పండి దీనికి."

నేను అప్పటికే నా వద్దనున్న గ్రంథాలన్నీ తిరగవేసి ఉన్నాను. చేయి విరిగిన మూర్తిని ఏమి చేయవలెనో ఉన్నది. బీట పడిన పీఠాన్ని గురించి ఉన్నది. ఒక కన్ను తెరిచి శిల్పి దేశం విడిచి పోతే ఏమి కర్తవ్యమో ఎక్కడా లేదు. ఆ మాటే చెప్పినాను.

"ఆ పుస్తకాలు రాసినోళ్లకు వీసాలు లేవు గదా పెదనాయనా," అని ఆమె లేచినది. "నాతో ఒకసారి రా."

శిల్పశాల వెనుక పెంకుల వసారాలో, పనికిరాని తునకలు వేసే మూలకు తీసుకొనిపోయి, పరచి ఉన్న గోనెపట్టాను పైకెత్తినది. చిన్నవీ పెద్దవీ నల్లరాతి ముక్కలు కుప్పగా ఉన్నవి. ప్రతి ముక్కమీదా ఒక కన్ను. ప్రతిదీ కుడికన్నే. అడుగున ఉన్నవాటికి రెప్పలు మొరటుగా ఉన్నవి. పైకి వచ్చినకొద్దీ సన్నబడి, కొస తేరి, పైననున్నవి తడిగా ఉన్నవేమో అనిపించినవి. అన్నీ నన్ను దాటి, నా భుజం వెనుక ఎవరో నిలుచున్నట్లు చూస్తున్నవి. నేను వెనుదిరిగి చూడలేదు.

"ఎప్పటి నుండి తల్లీ, ఇవి?"

"నాయన కర్మ అయిన మర్నాటి నుంచి. ఎడమకన్ను ఫోటో నాయన ఫోన్‌లో ఉండాది. దానికి జత కుదరాల. మొన్న మొన్ననే కుదురుతాంది."

నేను వచ్చినప్పుడల్లా గడప ఇవతల నిలిచి విన్న చప్పుడు దీనిదని అప్పుడు తెలిసినది.

"పీఆర్ అడిగింది కూడా దీనికే, పెదనాయనా. ఎవురూ పొమ్మనని దేశంలో, నిమ్మళంగా కూర్చోని ఆ కన్ను తెరవాల అనుకున్నా. ఆ కన్నే లేకపోతే నాకు ఆడ శాశ్వతంగా ఏం పని?"

తలుపు దగ్గర మా మరదలు ఎప్పుడు వచ్చి నిలుచున్నదో మేము చూడలేదు. ఆమె కుప్పను చూచినది, కూతురిని చూచినది, చేతనున్న చెంబు క్రింద పెట్టి గోనెపట్టా తానే తిరిగి కప్పినది. "ఉలులు చేతి సంచిలో పెట్టుకోవాకు. ఇమానం కాడ పట్టుకుంటారు," అన్నది. అనుమతి అంతటితో దొరికినది.

ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, వర్క్ వీసా మీద ఆమె ఒంటరిగా వెళ్లినది. దిగిన మరునాటికే ఫోను చేస్తానని, ఆ వేళకు నేను శిల్పశాలలోనే ఉండవలెనని చెప్పిపోయినది. నేను ఆళ్లగడ్డ చేరగా, తమ్ముడు కూర్చునే పీటకు ఎదురుగా మరదలూ నేనూ కూర్చున్నాము. ఫోను మ్రోగినది.

"ముందు కొన్నాళ్లు తక్కిన పని చేసుకోమంటున్నారు, పెదనాయనా. నేను ఒప్పుకోలేదు. నాయన చివరి పూట మొదలుపెట్టినాడు. నేను మొదటి పూటే ముగిస్తా. నువ్వు శ్లోకం చదువు."

చదివినాను. నేను ఆపిన తరువాత ఫోనులోనుండి చప్పుడు మొదలైనది: రెండు తేలిక దెబ్బలు, ఒక బరువు దెబ్బ. ఖాళీ పీటకు ఎదురుగా, ఎవరూ లేని ఆ శాల నిండా అది వినబడుతున్నది. మరదలు కొంగు నోటికి అడ్డంపెట్టుకొన్నది. చాలాసేపటికి చప్పుడు ఆగి, ఫోను తెరమీద విజయుని ముఖం కనిపించినది.

రెండు కన్నులూ తెరచి ఉన్నవి. కొలతకు కుదిరినవి. అయినా రెంటి చూపూ ఒకటి కాదు. ఎడమకన్ను తొందరలో ఎవరినో పిలుస్తున్నది. కుడికన్ను ఎంతో కాలంగా కూర్చొని వింటున్నది.

"ఎట్లుండాది, పెదనాయనా?"

మరదలు ఫోను లాక్కొన్నది. "ఆడ వాన పడతాందా?" అని అడిగినది.

"పడతాందిమా. దాని మీద కాదు. కప్పు ఏసినారు."

"ఊఁ," అని ఫోను నా చేతికిచ్చి, ఆమె పీటమీది దుమ్ము చేతితో తుడవసాగినది.

ఆలయంలో మిగిలిన పని ముగియగానే ఆమె తిరిగి రావలెను. ఆ తేదీ ఆమె వీసాలోనూ ఉన్నది. వచ్చిన తరువాత ఉద్యోగం, మార్కులు, దరఖాస్తు అన్నీ మొదటినుండి. దొరకకపోవచ్చునని నా పాతశిష్యుడు దారిలో కనబడినప్పుడల్లా చెబుతున్నాడు. ఫోనులో ఆమెతో అంటే, "దొరికితే దొరుకుతాది, లేకుంటే లేదు. ఈసారి సగంలో ఇడిసి రాను గదా," అంటున్నది.

పోయేముందు ఆమె వసారాలోని కన్నులన్నిటినీ బోర్లించి పోయినది. చిట్టచివర చెక్కిన ఒక్కదానిని మాత్రం శిల్పశాల కిటికీలో, వీధివైపుగా నిలిపినది. మా మరదలు రోజూ దానిని తడిగుడ్డతో తుడుస్తుంది. ఎందుకని నేను అడగలేదు.

ఇప్పటికీ ఆళ్లగడ్డ వెళ్లినప్పుడు ఆ గడప ఇవతల ఆగుతాను. లోపల చప్పుడు లేదు. రెండు తేలిక దెబ్బలు పడిపోయి, మూడవది ఇంకా పడవలసి ఉన్నట్లు, చెవి ఎదురుచూస్తూనే ఉంటుంది.